మట్టి మిద్దె: గోడ మోస్తుందా, కంబం మోస్తుందా?

మీ ఊళ్ళో పాత మట్టి మిద్దె ఒకటైనా ఉండే ఉంటుంది. మీరు పుట్టింది అందులోనే కావచ్చు. ఈ మాటలు వింటున్నది కూడా దాని పడసాలలో కూర్చునే కావచ్చు. అలా అయితే ఒక్కసారి తలెత్తి పైకి చూడండి. పొగచూరి నల్లబడిన దంతెలు కనిపిస్తాయి. వాటి కింద అడ్డంగా దూలం, దూలం కింద నిలువుగా కంబం. ఇప్పుడొక చిన్న ప్రశ్న. మీ నెత్తి మీదున్న ఆ మట్టినంతా మోస్తున్నది ఎవరు? "ఇంకెవరు, గోడలే. రెండు మూడడుగుల మందం గోడలు కదా" అని చాలామంది అంటారు. నేనూ ఎన్నో ఏళ్ళు అలాగే అనుకున్నాను. కానీ బాగా కట్టిన పాత మిద్దెల్లో అసలు బరువు మోసేది కొయ్య. గోడ చేసే పని వేరు. ఈ తేడా తెలియక కంబాలు పీకేసిన వాళ్ళున్నారు. మట్టి మీద మట్టి పోసిన వాళ్ళున్నారు. దాని ఫలితం ప్రాణాల మీదికి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ఈ పూట ఆ ఇంటి కట్టుబడి గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను.

యానాం, బరంపురం వైపు శ్రోతలు మన్నించాలి. మీ వైపు మండువా లోగిళ్ళ కథ వేరు. అక్కడ కప్పు వాలుగా ఉంటుంది, వాన నీళ్ళు జారి మండువాలో పడతాయి. హోసూరు వైపు పెంకుటిళ్ళదీ అదే తీరు. నేను చెప్పబోయేది బల్లపరుపుగా మట్టి పరిచిన మిద్దె గురించి. బళ్ళారి, రాయచూరు, అనంతపురం, కర్నూలు, పాలమూరు జిల్లాల్లోనూ, అక్కడినుంచి పైకి సోలాపురం, లాతూరు దాకానూ రైతుల ఇల్లంటే ఒకప్పుడు ఇదే.

ముందు వీధి వాకిట్లోంచి లోపలికి వెళదాం. పెద్ద తలుపు దాటగానే కాలు పెట్టేది పశువుల చోట. కొత్తగా చూసినవాళ్ళు ఆశ్చర్యపోతారు, ఇంటి ముందు భాగంలో ఎద్దులేమిటి అని. కానీ ఆ రోజుల్లో రైతు ఆస్తి అంటే ఎద్దులే. వాటిని ఊరి బయట దొడ్లో వదిలి నిద్రపోయే ధైర్యం ఎవరికుంటుంది? ఎద్దుల చోటు నేల పల్లంగా ఉంటుంది. దాన్ని ఆనుకుని రెండడుగుల ఎత్తున బండలు పరిచిన పడసాల. ఆ గట్టు అంచునే ఎద్దుల గాడి. ఎద్దు కింద నిలబడి మేస్తుంటే, పడసాలలో పడుకున్న ముసలాయన నిద్రలోనే చెయ్యి చాచి గడ్డి ముందుకు తోయగలడు. పడసాల వెనక నడిమిల్లు, దాని వెనక వంటిల్లు. కొన్ని ఇళ్ళలో పడసాల కిందే జొన్నల పాతర ఉంటుంది. కిటికీలు దాదాపు ఉండవు. వెలుతురు రావాల్సింది కప్పులో ఉన్న చిన్న బొక్కలోంచి. దాన్ని మనం గవాచి అంటాం. కన్నడంలో బెళకిండి అంటారు.

ఈ ఇంటిని ఎలా కొలిచేవారో తెలుసా? అడుగుల్లో కాదు, అంకణాల్లో. "వాళ్ళది తొమ్మిదంకణాల మిద్దె" అంటే ఊళ్ళో ఆ ఇంటి అంతస్తు ఏమిటో చెప్పినట్టే. అంకణం అంటే రెండు దూలాల మధ్య ఎడం. అంటే ఇంటి కొలతే కొయ్యను బట్టి వచ్చింది. దొరికిన మాను ఎంత పొడుగుంటే అంకణం అంత. కన్నడంలోనూ అది అంకణమే. మరాఠీలో ఖణ్ అంటారు, భావం ఒకటే. నెల్లూరు వైపు ఇళ్ళ స్థలాలను ఇప్పటికీ అంకణాల్లో బేరమాడుతుంటారు. అక్కడ అంకణమంటే 72 చదరపుటడుగులు. కంబాలూ దూలాలూ లేని కాంక్రీటు మేడ కట్టడానికి కొనే స్థలాన్ని కూడా ఆ పాత వడ్రంగి కొలతతోనే కొలుస్తున్నారన్నమాట.

ఇక కొయ్య సంగతికి వద్దాం. ఇల్లు కట్టాలనుకున్న రైతు ముందు చూసేది తన చేనిగట్టునే. అక్కడ తాతల నాటి వేపమాను, తుమ్మమాను ఉంటాయి. వేప చేదుకు పురుగు అంత తొందరగా ముట్టదు. తుమ్మ బరువైనది, గట్టిది, కంబానికి పనికొస్తుంది. కలిగినవాళ్ళు నల్లమల టేకు బండ్ల మీద తెప్పించుకునేవారు. మాను కొట్టగానే పనిలో పెట్టరు. చెరువులోనో బావిలోనో కొన్ని నెలలు నానబెడతారు. పచ్చి కొయ్యలో ఉండే తీపి పసరు నీళ్ళలోకి దిగిపోతుంది. పురుగుకు కావలసింది ఆ పసరే. అది పోయాక నీడన ఆరబెడితే కొయ్య వంకర పోదు, బీటలు తక్కువ పడతాయి. ఈ పనికి ఏడాది పట్టినా ఎవరూ తొందరపడేవారు కాదు. ఇప్పుడు మనం కొనే తలుపు చెక్కకు ఆ ఓపిక ఎక్కడిది? రెండో వానకే ఉబ్బి దారబందంలో ఇరుక్కుంటుంది.

కంబాన్ని భూమిలో పాతరు. ఒక రాతి దిమ్మె మీద నిలబెడతారు, అంతే. నేలలోని తడి కొయ్యకు ఎక్కకుండా, చెదలు కంటపడకుండా కొయ్యలోకి పోకుండా ఆ రాయి అడ్డుపడుతుంది. కంబం అడుగున నలుచదరంగా ఉండి, పైకి పోయేకొద్దీ ఎనిమిది పలకలుగా చెక్కి ఉంటుంది. దాని నెత్తిన అడ్డంగా పెట్టిన కొయ్యముక్క బోదె. కన్నడ వడ్రంగులు బోదిగె అంటారు. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. పూలూ చిలకలూ చెక్కి ఉండటం వల్ల అలా అనిపిస్తుంది. కానీ అసలు పని అదే చేస్తుంది. కంబం ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటే, బోదె రెండు మూడడుగుల పొడుగుంటుంది. దూలం బరువు ఒక్కచోట గుచ్చినట్టు పడకుండా ఆ పొడుగంతా పరుచుకుంటుంది. దూలం వంగకుండా దాని ఎడాన్ని రెండు పక్కలా కొంత కొంత తగ్గిస్తుంది. రెండు దూలాలు కొసకు కొస కలిసేది కూడా సరిగ్గా బోదె మీదే. కంబం తలలో ఒక మొన, బోదెలో దానికి తగిన బొక్క. మేకు అన్నది లేదు. పైనున్న బరువే ఆ అతుకును పట్టి ఉంచుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

దూలాల మీద మూరెడుకో జానెడుకో ఒకటి చొప్పున దంతెలు పరుస్తారు. కన్నడంలో వీటిని జంతి అంటారు. వాటి మీద ఏం పరుస్తారన్నది ఊరిని బట్టి ఉంటుంది. బేతంచెర్ల, బనగానపల్లె, తాడిపత్రి వైపు నాపబండలు చౌకగా దొరుకుతాయి గనక బండలు పరుస్తారు. కలబురగి జిల్లాలో షాబాదు బండలు. బండ దొరకనిచోట చీల్చిన కొయ్యముక్కలు దగ్గర దగ్గరగా పేర్చి, వాటి సందుల్లోంచి మన్ను రాలకుండా బందారు కొమ్మలో, వేపాకు మండలో మందంగా పరుస్తారు. దాని మీద తొక్కి మెదిపిన ఎర్రమట్టి. దాన్ని కొయ్యదిమ్మెలతో బాది గట్టి చేస్తారు. అన్నిటికన్నా పైన చౌడు.

చౌడు గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. పొలంలో చౌడు తేలిందంటే రైతు గుండెలు బాదుకుంటాడు. ఆ నేలలో విత్తనం మొలవదు, నీళ్ళు ఇంకవు. కానీ అదే నీళ్ళు ఇంకని గుణం మిద్దెకు కావాలి! చౌడులో సోడియం ఉప్పు ఎక్కువ. తడి తగలగానే ఆ ఉప్పు మట్టిలోని సన్నని బంకరేణువులను విడదీస్తుంది. అవి వెళ్ళి సందుల్లో కూర్చుని దారులన్నీ మూసేస్తాయి. మొదటి వానకే మిద్దె తనంతట తాను పూడుకుంటుంది. పైగా ఆ ఉప్పుకు గడ్డి మొలవదు, వేర్లు దిగవు. మన పెద్దవాళ్ళకు సోడియం పేరు తెలియదు. ఏ చౌడు చాకిరేవులో బట్టల మురికి వదలగొడుతుందో, అదే చౌడు మిద్దెకు మంచిదని మాత్రం తెలుసు. ఉత్తర కర్ణాటక రైతులు దీన్నే సవళు అంటారు. మాట చూడండి, చౌడు, సవళు.

ఈ కప్పుకు ఏటా చాకిరీ తప్పదు. మృగశిర కార్తెకు ముందు చౌడు తవ్వి తెచ్చి మిద్దె మీద పరచి, బీటలన్నీ పూడ్చాలి. నీళ్ళు దోనెల దగ్గరికి పోయేలా వాలు సరిచూడాలి. తొలివానకు ఇంట్లో ఎక్కడ ఉరిసిందో చూసుకుని, వాన వెలిసీ వెలియగానే పైకెక్కి ఆ చోట కాలితో తొక్కాలి. గవాచి మీద అడుగు పోయిన కుండో, బండో బోర్లించాలి. ఇంత చాకిరీ చేసినందుకు మిద్దె ఏమిస్తుంది? ఎండాకాలం బళ్ళారిలో బయట నలభై డిగ్రీలు దాటి కాలుతుంటే, లోపల పడసాల బండ చల్లగా ఉంటుంది. సాయంత్రం నీళ్ళు చల్లి పైన పడుకుంటే చుక్కలు చూస్తూ నిద్ర. మిరపకాయలు, పప్పుధాన్యాలు, వడియాలు ఆరబోసుకోవడానికి అదే కళ్ళం.

అసలు మన సీమలో ఈ బల్లపరుపు కప్పే ఎందుకు వచ్చింది అంటే, మొదటి కారణం వాన. బళ్ళారి, అనంతపురం వైపు ఏడాదికి కురిసేది సుమారు 500 నుంచి 600 మిల్లీమీటర్లు. గోదావరి డెల్టాలో దానికి రెండింతలు. అంత వాన కురిసే చోట మట్టి కప్పు ఒక్క ఏడు కూడా నిలవదు. మన దగ్గర నిలుస్తుంది. రెండో కారణం, వరి పండని చోట ఇల్లు కప్పడానికి వరిగడ్డి ఎక్కడిది? జొన్నసొప్ప ఉంటుంది, అది ఎద్దులకే చాలదు. పైగా ఎండకు ఎండిపోయిన గడ్డికప్పు మీద ఒక్క నిప్పురవ్వ పడితే వీధి వీధంతా పోతుంది. మూడోది, కాలం. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించేదాకా ఈ సీమ పాలెగాళ్ళ తగాదాలతో, వచ్చిపోయే సైన్యాలతో నలిగింది. కిటికీలు లేని రాతిగోడ, ఒకటే తలుపు, ఎద్దులు లోపల, మిద్దె మీదినుంచి పక్క మిద్దెకు దారి. ఇది ఇల్లూ, చిన్న కోటా కూడా.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి, సిరుగుప్ప, హొసపేట వంటివి మైసూరు రాష్ట్రానికి పోయాయి. గీత పొలాల మధ్య పడింది, ఇళ్ళ తీరు మాత్రం మారలేదు. మన మిద్దె, వాళ్ళ మాళిగె, ఇంకా పైన మరాఠ్వాడాలో మాళవద్. ఏ ఊరి వడ్రంగిని ఏ ఊరికి తీసుకెళ్ళినా అడగకుండా పని మొదలుపెట్టగలడు.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం. బయటినుంచి చూస్తే ఏనుగు లాంటి గోడ. కానీ దాన్ని అడ్డంగా కోసి చూస్తే ఒక గోడ కాదు, రెండు గోడలు. బయటి ముఖానికి ఒక రాతి వరస, లోపలి ముఖానికి ఒక వరస. మధ్యలో చిల్లరాళ్ళు, మట్టి కూరిన పొట్ట. సున్నం లేదు, సిమెంటు లేదు, బురదే అతుకు. మంచి మేస్త్రీ అయితే అక్కడక్కడా ఒక పొడుగు రాయిని ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా అడ్డంగా పెడతాడు. ఆ రాయి రెండు వరసలనూ చేతులు పట్టుకున్నట్టు పట్టి ఉంచుతుంది. పొడుగు రాళ్ళు లేకపోతే ఏళ్ళు గడిచేకొద్దీ మధ్యలోని మన్ను కిందికి దిగి, గోడ పొట్ట ఉబ్బుతుంది. మీరు చూసే ఉంటారు, పాత గోడ గర్భిణీ స్త్రీలా ముందుకు వచ్చి ఉంటుంది. అది ముసలితనం కాదు, లోపల రెండు గోడలూ విడిపోతున్నాయన్న కబురు.

ఇది తెలిసిన పాత వడ్రంగులు ఏం చేశారంటే, దూలం కొసను గోడ మీద పెట్టలేదు. గోడను ఆనుకుని లోపలివైపు ఇంకో కంబం నిలిపి, దాని మీద పెట్టారు. అలాంటి ఇంట్లో కప్పు బరువంతా కంబాల మీదుగా రాతి దిమ్మెల్లోకి దిగిపోతుంది. గోడ తన బరువు తను మోసుకుంటుంది, అంతే. మరి గోడ పని ఏమిటి? ఇందాక చెప్పాను, కంబానికీ దూలానికీ మేకు లేదని. నిలువు బరువును ఆ కొయ్యలు బ్రహ్మాండంగా మోస్తాయి. పక్కకు తోస్తే మాత్రం నిలవలేవు, పేకముక్కల్లా ఒరుగుతాయి. అలా ఒరగకుండా చుట్టూ నిలబడి ఆపేది గోడ. కొయ్య మోస్తుంది, గోడ పట్టుకుంటుంది. అయితే అన్ని ఇళ్ళూ ఇలా లేవు. కొయ్య కరువైన కాలంలోనో, డబ్బు చాలకనో గోడ కంబాలు మానేసి దూలాన్ని నేరుగా గోడలో దూర్చిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. మీది ఏ రకమో మీరే చూసుకోవాలి.

బరువు, బరువు అంటున్నాను. ఎంత బరువు? బాది గట్టిచేసిన మట్టి ఒక ఘనపుటడుగు సుమారు 45 కిలోలు తూగుతుంది. 72 చదరపుటడుగుల ఒక్క అంకణం మీద అడుగు మందం మట్టి ఉందనుకోండి. మూడు టన్నుల పైన. మంచి ఎద్దు 400 కిలోలు ఉంటుందనుకుంటే, ఎనిమిది ఎద్దులు ఆ ఒక్క అంకణం మీద ఎక్కి నిలబడినట్టు. అదే చోట నాలుగంగుళాల కాంక్రీటు స్లాబు వేస్తే టన్నూ ముప్పావు కూడా ఉండదు. అంటే అడుగు మట్టి స్లాబు కన్నా దాదాపు రెండింతల బరువు. అది ఆరి ఉన్నప్పటి లెక్క. వారం రోజుల ముసురుకు తడిస్తే అయిదో వంతు పెరిగినా, అంకణానికి మరో ఎద్దున్నర ఎక్కినట్టే.

మరి మొదట కట్టినప్పుడే అడుగు మందం వేశారా? లేదు. జానెడు వేసి ఉంటారు. ఏటేటా మృగశిరకు తట్టలు తట్టలుగా చౌడు పోస్తూ వచ్చాం. పాతది గీకి తీసింది ఎవరు? తాత పోశాడు, తండ్రి పోశాడు, మనమూ పోశాం. పిట్టగోడ పొట్టిదైపోతే "ఏమిట్రా, పిట్టగోడ కుంగింది" అనుకున్నాం గానీ, మిద్దె లేచిందని అనుకోలేదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా జేజినాయన కట్టించిన మిద్దె భాగాలకు వచ్చినప్పుడు పడసాల సగం మా చిన్నాయనకు వచ్చింది. ఆయనకు మంచం, బీరువా, టీవీ పెట్టుకోవడానికి చోటు చాలలేదు. మధ్యలో కంబం ఒకటి అడ్డంగా ఉంది. "మూడడుగుల గోడలుండగా ఈ కంబం దేనికి, పెద్దోళ్ళు సింగారానికి పెట్టించినారు" అని ఒక ఆదివారం కోయించేశాడు. ఏమీ కాలేదు. ఒక నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఆ బోదెను టీవీ కింద పీటగా కూడా వాడుకున్నాడు! తర్వాత వానాకాలంలో మూడు రోజులు ముసురు పట్టింది. రాత్రి మంచం మీద సన్నగా మన్ను రాలడం మా పిన్నమ్మ గమనించింది. ఎలుకలేమో అనుకున్నారు. తెల్లవారి చూస్తే దూలం మధ్యలో నాలుగు వేళ్ళంత కిందికి దిగి ఉంది. పిల్లలను ఎత్తుకుని అందరూ పక్కింటికి పోయారు. ఊరి వడ్రంగి వచ్చి ముందు రెండు సర్వీ గుంజలు ఆసరాగా నిలిపి, తర్వాత చిన్నాయన వైపు తిరిగి ఒకటే మాట అడిగాడు. "కంబం తీస్తిరి సరే, దాని మీది బరువు యాడికి పోతాదనుకుంటిరి నాయనా?" మా చిన్నాయన జవాబు చెప్పలేదు. మేమూ చెప్పలేకపోయాం. ఆయన కోయిస్తుంటే చూస్తూ నిలబడిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

మాకు మూడు రోజులు గడువు దొరికింది. కిల్లారి వాళ్ళకు అదీ దొరకలేదు. 1993 సెప్టెంబరు 30. మరాఠ్వాడాలో వినాయక నిమజ్జనం ముగించుకుని జనం ఆదమరచి నిద్రపోతున్న రాత్రి. తెల్లవారుజామున నాలుగు గంటలు కావస్తుండగా భూమి కదిలింది. భూకంపం మరీ పెద్దదేమీ కాదు, తీవ్రత 6.2 ప్రాంతం. కానీ లాతూరు, ఉస్మానాబాదు జిల్లాల్లో దాదాపు ఎనిమిది వేల మంది చనిపోయారు. అప్పటి పటాల్లో అది భూకంప భయం అతి తక్కువగా ఉన్న ప్రాంతం. వాళ్ళను చంపింది భూమి కాదు, ఇల్లు. మనం ఇంతసేపూ చెప్పుకుంటున్న ఇల్లే. బురదతో కట్టిన రెండు పొరల గోడలు పొట్ట పగిలి కూలాయి. ఏళ్ళ తరబడి పేరుకుని అడుగు, రెండడుగులు మందమైన కప్పు మట్టి నిద్రపోతున్న వాళ్ళ మీద పడింది.

తర్వాత ఇంజనీర్లు ఊరూరా తిరిగి చూసినప్పుడు ఒక వింత కనిపించింది. కొన్ని ఇళ్ళలో చుట్టూ గోడలన్నీ రాళ్ళ కుప్పలై పడివున్నాయి. మధ్యలో మాత్రం కంబాలు, దూలాలు, వాటి మీద కప్పు అలాగే నిలబడి ఉన్నాయి. అవి గోడ పక్కన కంబాలు నిలిపిన పాత ఖణ్ ఇళ్ళు. దూలాలు నేరుగా గోడలో దూర్చిన ఇళ్ళలో గోడతో పాటే కప్పూ దిగింది. కంబాలున్న ఇళ్ళన్నీ నిలిచాయని నేను అనను. పక్కకు ఒరిగి పడినవీ ఉన్నాయి, లోపలికి కూలిన గోడరాళ్ళు తగిలి పోయిన ప్రాణాలూ ఉన్నాయి. కానీ కప్పు నెత్తిన పడటానికీ, పడకపోవడానికీ తేడా చాలాచోట్ల ఆ కంబమే. ఆ తర్వాత 52 ఊళ్ళను వేరేచోట కొత్తగా కట్టారు. మిగిలిన ఊళ్ళలో ఉన్న ఇళ్ళనే గట్టిపరిచే పని పెద్ద ఎత్తున సాగింది.

"మనకు భూకంపాలెక్కడివి" అంటారేమో. 1843లో బళ్ళారిలో భూమి కంపించిన సంగతి రికార్డుల్లో ఉంది. అది పాతమాట అనుకున్నా, వాన పాతది కాదు కదా. 2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కర్నూలు, రాయచూరు, బళ్ళారి, విజయపుర జిల్లాల్లో కుండపోతగా కురిసినప్పుడు ఉత్తర కర్ణాటకలో మట్టి ఇళ్ళు వీధులకు వీధులు కూలాయి. పైన మట్టి నాని బరువెక్కింది, కింద గోడలో బురద నాని మెత్తబడింది. రెండూ ఒకేసారి జరిగితే ఏ గోడ నిలుస్తుంది?

కాబట్టి ఈ ఇంట్లో ఉంటున్న వాళ్ళు, ముఖ్యంగా పెద్దవాళ్ళను అందులో వదిలి పట్నంలో ఉంటున్న వాళ్ళు, కొన్ని చూసుకోవాలి. మొదట మిద్దె ఎక్కి ఓ మూల చిన్న గుంత తవ్వి మట్టి ఎంత మందముందో కొలవండి. జానెడు దాటి ఉంటే గీకించండి. కొత్త చౌడు పోసేముందు అంతకంత పాతది తీయించడం అలవాటు చేసుకోండి. తీసేటప్పుడు ఒక పక్కనుంచి మొత్తం తీసి ఇంకో పక్క కుప్ప పోయకండి. అన్ని అంకణాల మీదా సమానంగా, పొరలు పొరలుగా తీయాలి. కింద దూలాలకు ముందే ఆసరా గుంజలు పెట్టాలి. బీటలు పూడతాయని మట్టి మీద సిమెంటు పూయడం ఇప్పుడు చాలా ఊళ్ళలో చూస్తున్నాను. అది బరువు పెంచుతుంది. రెండేళ్ళకు అదీ బీటలిస్తుంది. లోపలికి పోయిన నీళ్ళను మాత్రం ఆరనివ్వదు.

గోడ పొట్ట ఉబ్బి ఉంటే అక్కడ పొడుగు రాళ్ళు లేవని అర్థం. భారత ప్రమాణాల సంస్థ 1993లోనే ఇలాంటి రాతిగోడలకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఎత్తులో రెండడుగులకు ఒకటి, పొడవులో నాలుగడుగులకు ఒకటి మించకుండా ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టే రాళ్ళు ఉండాలన్నది అందులోని మాట. ఉన్న గోడకు కూడా తెలిసిన మేస్త్రీ చేత మెల్లగా బొక్క చేయించి, ఇనుపకడ్డీ పెట్టి కాంక్రీటు కూరితే అదే పొడుగు రాయిలా పనిచేస్తుంది. కంబానికీ దూలానికీ మధ్య మూలల్లో ఏటవాలుగా కొయ్యముక్కలు బిగిస్తే పక్కకు ఒరగడం తగ్గుతుంది. ఇది మన పాత వడ్రంగులు చేయని పని. కిల్లారి నేర్పిన పని.

ఉన్న మిద్దె పడగొట్టి స్లాబు వేసుకుంటాం అంటే వద్దనను. కానీ కొందరు కంబాలు, దూలాలు అమ్మేసి, ఆ బురద గోడల మీదే స్లాబు పోస్తున్నారు. పాత కంబాలకు పట్నాల్లో మంచి ధర వస్తోంది గదా. స్లాబు మట్టి కన్నా తేలికే, నిజమే. కానీ ఇంతకాలం కప్పు మోయని గోడకు మీరు మొదటిసారి కప్పు నెత్తికెత్తుతున్నారు, అది కూడా దాని ముసలితనంలో. స్లాబు కావాలంటే దానికి తగిన గోడలో, కాంక్రీటు స్తంభాలో వేరే పునాది మీద లేపండి.

ఇంకొకటి పొగ. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది, ఆడవాళ్ళ కళ్ళూ ఊపిరితిత్తులూ బతికాయి. అది మంచిదే. కానీ ఆ పొగమసి ఇన్నేళ్ళూ దంతెలకు పురుగు పట్టకుండా కాచింది. ఇప్పుడు ఆ కాపలా లేదు. కాబట్టి చెదల మందు మనమే పూయాలి.

అన్నిటికన్నా ముందుగా పుచ్చిపోయేది దూలం కొస, గోడలోకి దూరిన చోట. అక్కడ గాలి ఆడదు, గోడ తడి తగులుతూనే ఉంటుంది. పైకి మాత్రం నున్నగా, నల్లగా, నిన్న పెట్టినట్టే కనిపిస్తుంది. ఈ మృగశిరకు చౌడు తట్ట ఎత్తకముందే ఒక చిన్న సుత్తి తీసుకుని నిచ్చెన వేసుకోండి. దూలం మధ్యలో ఒకసారి తట్టండి, కొసన ఒకసారి తట్టండి. మంచి కొయ్య కంగుమంటుంది. పుచ్చిన కొయ్య ఖాళీ గాదెను తట్టినట్టు డొల్లగా పలుకుతుంది. ఆ చప్పుడు వినిపిస్తే ఆ రాత్రి దాని కింద ఎవరినీ పడుకోనివ్వకండి. ఒక గుంజ ఆసరా నిలిపి, తెల్లవారి వడ్రంగిని పిలవండి.